సౌండు ఎక్కడ పగలాలి?



ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునే కుర్రవాళ్ళు తరచూ ఒక సందేహంతో వస్తుంటారు. యాంపు మీదే గెయిన్ అని ఒక నాబ్ ఉంది, దాన్ని తిప్పితే సౌండు గరగరలాడుతుంది కదా, మళ్ళీ కాలి కింద ఓవర్‌డ్రైవ్ పెడల్ ఎందుకు అని. పెడల్ కొన్నవాళ్ళది మరో బాధ. "కొన్నాను సార్, అయినా రికార్డులో విన్నది రావడం లేదు, ఇంకొకటి కొనమంటారా?" అంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టేది ఉంటే ముందు యాంపు మీద పెట్టండి. ఆ యాంపును సౌండు పగిలీ పగలని అంచు దాకా తీసుకెళ్ళండి. ఆ అంచు దాటించడానికి పెడల్ వాడండి. గరగర మొత్తాన్నీ పెడల్ చేతే పుట్టించాలని చూస్తే చాలాసార్లు సౌండు పలచబడిపోతుంది. ఎందుకో తెలియాలంటే అసలు పగలడమంటే ఏమిటో చూడాలి.

తీగ మీటగానే దాని కింద ఉన్న పికప్‌లో సన్నని విద్యుత్తు పుడుతుంది. మిల్లీవోల్టుల లెక్క. యాంపు దాన్ని అంచెలంచెలుగా పెంచి స్పీకర్‌కు అందిస్తుంది. ప్రతి అంచెకూ ఒక హద్దుంటుంది, అంతకు మించి అది వోల్టేజీ ఇవ్వలేదు. హద్దు లోపల ఉన్నంతసేపూ లోపలికి వెళ్ళిన తరంగమే పెద్దదై బయటికి వస్తుంది. హద్దు దాటితే తరంగం తల తెగుతుంది, గుండ్రంగా ఉండాల్సిన శిఖరం చదునైపోతుంది. పెళ్ళిపందిట్లో మైకుసెట్టు మరీ పెంచినప్పుడు "సౌండు పగులుతోందిరా, తగ్గించు" అని ఎవరో ఒకరు అరవడం మనందరం విన్నదే. అక్కడ జరిగేదీ ఇదే. పెళ్ళిలో తగ్గించమంటాం, గిటార్‌లో కావాలని తెచ్చుకుంటాం.

తల తెగిన తరంగంలో అంతకు ముందు లేని స్వరాలు కలుస్తాయి. సెకనుకు 110 కంపనాల శుద్ధమైన స్వరం ఒకటి పంపామనుకోండి. దాని పైతలా కిందితలా సమానంగా తెగితే బేసి అనుస్వరాలు పుడతాయి, అంటే 330, 550, 770 అలా. ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా తెగితే సరి అనుస్వరాలు కూడా వస్తాయి. 220, 440 అన్నమాట. ఇవి మీటిన స్వరానికే పై స్థాయిలు కాబట్టి చెవికి నిండుగా వినిపిస్తాయి. తల నెమ్మదిగా వంగి తెగితే సౌండు వెచ్చగా ఉంటుంది. కత్తిరించినట్టు ఒక్కసారి తెగితే పైపై అనుస్వరాలు బలంగా వచ్చి గరుకుగా, ఈగ రొదలా ఉంటుంది. యాంపులో తరంగాన్ని పెంచే భాగాల్లో సాధారణంగా వాల్వులు మొదటి పద్ధతిలో, ట్రాన్సిస్టర్లు రెండో పద్ధతిలో తెగుతాయి. గట్టిగా తోస్తే వాల్వూ గరుకుగానే పలుకుతుంది, డిజైన్ బాగుంటే ట్రాన్సిస్టర్ కూడా మెత్తగా పలుకుతుంది. కాబట్టి దీన్ని కుల విభజనలా చూడనక్కర్లేదు.

ఇంకో సంగతుంది. సంగీతం తెలిసినవాళ్ళకు ఇది బాగా నచ్చుతుంది. రెండు స్వరాలు కలిపి పగిలే యాంపులోకి పంపితే వాటి తేడా కూడా ఒక కొత్త స్వరంగా పుడుతుంది. రాక్ గిటారిస్టులు పవర్ కార్డ్ అని వాయించేది మన షడ్జమ పంచమాలే. గిటార్ లావు తీగ మీద స సెకనుకు సుమారు 82 కంపనాలు, పై తీగ మీద ప సుమారు 123. తేడా 41. అది మీటిన షడ్జమానికి సరిగ్గా ఒక స్థాయి కింద, మంద్రంలో పలికే షడ్జమం. గిటార్‌లో లేని తీగ యాంపులో మోగుతుంది! పవర్ కార్డ్‌కు ఆ బరువు వచ్చేది ఇందువల్లే. అదే చోట అంతర గాంధారం కూడా కలిపి నిండు కార్డ్ వాయించండి. గిటార్ మెట్లు సమాన విభజనలో ఉంటాయి కనుక అక్కడి గాంధారం సహజమైన గాంధారం కంటే కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటుంది. తేడా స్వరాలు శ్రుతికి నిలబడవు, అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి బురదవుతుంది. గెయిన్ ఎక్కువైతే కార్డులు ఎందుకు అర్థం కావో ఇప్పుడు తెలిసింది కదా.

వాల్వు యాంపులో ఈ పగలడం ఒక్క చోట జరగదు. ముందు చిన్న ప్రీయాంప్ వాల్వులు. 12ఏఎక్స్7 అంటారు, ఐరోపా పేరు ఈసీసీ83. వాటి తరువాత తరంగాన్ని ఎదురెదురుగా రెండు ప్రతులు చేసే వాల్వు. ఆ తరువాత పెద్ద పవర్ వాల్వులు, అమెరికా యాంపుల్లో ఎక్కువగా 6ఎల్6, ఇంగ్లాండు యాంపుల్లో ఈఎల్34 లేక ఈఎల్84. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ఆపైన స్పీకర్ కాగితపు కోన్. ఒక్కొక్కటీ ఒక్కో తీరున పగులుతుంది. పవర్ వాల్వుల మీద బరువు పడ్డప్పుడు పాత యాంపుల్లో లోపలి వోల్టేజీ కాస్త కుంగి మళ్ళీ లేస్తుంది. మీటిన దెబ్బ కొంచెం అణిగి, తరువాత స్వరం ఉబ్బినట్టు వినిపిస్తుంది. వేలికి తెలిసే అనుభవమది. ఒకసారి అలవాటైతే దాన్ని వదులుకోవడం కష్టం.

ఇది ఎవరూ బల్ల ముందు కూర్చుని కనిపెట్టింది కాదు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేస్తూ బతుకు మొదలుపెట్టిన లియో ఫెండర్ యాంపులు చేసింది గిటార్ శుభ్రంగా వినిపించడానికి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. పగలడం ఆయన దృష్టిలో లోపం. 1951లో మెంఫిస్‌లో 'రాకెట్ 88' పాట రికార్డింగు నాటికి గిటారిస్టు విల్లీ కిజార్ట్ యాంపు దెబ్బతిని ఉంది. స్పీకర్‌లో కాగితం కుక్కి అలాగే వాయించారు. రికార్డు చేసిన సామ్ ఫిలిప్స్ ఆ గరగరను దాచలేదు, ముందుకు తెచ్చాడు. 1964లో లండన్‌లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ తన చిన్న యాంపు స్పీకర్ కోన్‌ను బ్లేడుతో కోసి, దాన్ని పెద్ద యాంపులోకి కలిపి 'యూ రియల్లీ గాట్ మీ' వాయించాడు. పికప్ మొదలు స్పీకర్ దాకా ఉన్న దారిలో ఆ రెండు రికార్డుల్లోనూ పగిలింది చిట్టచివరి మజిలీ, స్పీకర్.

ఆ పక్కనే, పశ్చిమ లండన్ హ్యాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్మర్ సంగీత వాయిద్యాల దుకాణం నడిపేవాడు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ యాంపుల ధర కుర్రవాళ్ళకు అందేది కాదు. ఆయన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, ఇంకా చాలా చిన్నవాడైన డడ్లీ క్రేవెన్ కలిసి ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను దాదాపు యథాతథంగా తీసుకుని ఇంగ్లాండులో దొరికే సామానుతో 1962లో ఒక యాంపు కట్టారు. అదే జేటీఎం45. మార్పులు చిన్నవే. బాస్‌మన్‌లో మొదటి వాల్వు 12ఏవై7, పెంచే శక్తి 40 చిల్లర. మార్షల్‌లో ఆ స్థానంలో ఈసీసీ83, దాని శక్తి 100. తొలి అంచెలోనే గెయిన్ రెట్టింపు దాటింది. స్పీకర్లు కూడా వెనుక తెరిచి ఉన్న పది అంగుళాలవి పోయి, మూసిన పెట్టెలో పన్నెండు అంగుళాలవి వచ్చాయి. గెయిన్ పెరిగినందువల్ల అదే సర్క్యూట్ త్వరగా పగలడం మొదలుపెట్టింది.

ఆ యాంపు మీద గెయిన్ నాబ్ లేదన్నది గుర్తుంచుకోండి. ఉన్నది వాల్యూమ్. పగలాలంటే పెంచాలి, పెంచితే ఇల్లు అదరాలి. వేరే దారి లేదు. 1966లో జాన్ మేయల్ బృందంతో రికార్డు చేసేటప్పుడు ఎరిక్ క్లాప్టన్ స్టూడియోలో కూడా వేదిక మీద వాయించినంత గట్టిగానే వాయిస్తానని పట్టుబట్టాడు. అప్పటి స్టూడియో పద్ధతికి అది పూర్తిగా విరుద్ధం. నిర్మాత మైక్ వెర్నన్, ఇంజనీరు గస్ డడ్జన్ దానికి తగ్గట్టు సర్దుకున్నారు. లెస్ పాల్ గిటార్, రెండు పన్నెండంగుళాల స్పీకర్ల మార్షల్ యాంపు. ప్రీయాంప్ నుంచి స్పీకర్ దాకా అన్నీ ఒకేసారి కష్టపడుతున్న సౌండది. ఆ 'బ్లూస్ బ్రేకర్స్' ఆల్బం వీలైతే మంచి స్పీకర్ల మీద వినండి. ఈనాటి లెక్కలో చూస్తే గరగర చాలా తక్కువ. కానీ స్వరం నిలబడే తీరు చూడండి, మనిషి గొంతెత్తి పాడినట్టుంటుంది.

అంత గట్టిగా వాయించే వీలు అందరికీ ఉండదు కదా. అందుకని 1970ల్లో గెయిన్ నాబ్‌నూ మాస్టర్ వాల్యూమ్‌నూ విడదీశారు. కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ చిన్న ఫెండర్ యాంపుల్లో అదనపు ప్రీయాంప్ అంచె చేర్చి, ఒక అంచె ఇంకో అంచెను పగలగొట్టేలా కట్టి మెసా బూగీ మొదలుపెట్టాడు. మార్షల్ కూడా 1975లో మాస్టర్ వాల్యూమ్ ఉన్న యాంపు తెచ్చింది. ఇప్పుడు గెయిన్ పెంచి మాస్టర్ తగ్గిస్తే తక్కువ శబ్దంలోనే గరగర వస్తుంది. గొప్ప సౌకర్యమే. ఐతే ఇక్కడ పగులుతున్నది ప్రీయాంప్ ఒక్కటే. పవర్ వాల్వులకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ స్పీకర్‌కూ పని తక్కువ. అందుకే మాస్టర్ బాగా తగ్గించినప్పుడు వచ్చే గెయిన్ సన్నగా, పైపైన ఉన్నట్టుంటుంది. మాస్టర్ కొద్దిగా పెంచుకుంటూ, గెయిన్ కొద్దిగా తగ్గించుకుంటూ వెళ్తే ఒకచోట సౌండుకు ఒళ్ళొస్తుంది. ఆ చోటు ప్రతి యాంపులోనూ వేరు. వెతుక్కోవాలి.

పెడల్ చరిత్ర కూడా ఒక లోపంతోనే మొదలైంది. 1961లో అమెరికాలో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ'లో గ్రేడీ మార్టిన్ బేస్ గిటార్ ముక్క ఒకటి విచిత్రంగా బుసకొడుతుంది. నాష్‌విల్ స్టూడియో మిక్సింగ్ బల్లలో ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోవడం దానికి కారణం. ఇంజనీరు గ్లెన్ స్నాడీ దాన్ని చెరిపెయ్యకుండా ఉంచి, అదే శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో పుట్టించే పెట్టె తయారుచేశాడు. 1962లో అది మాయెస్ట్రో ఫజ్ టోన్ పేరుతో గిబ్సన్ కంపెనీ ద్వారా మార్కెట్లోకి వచ్చింది. గిటార్ చేత ట్రంపెట్, సెల్లో పలికించవచ్చని ప్రచారం చేశారు. జనం పెద్దగా కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాకగానీ దశ తిరగలేదు. ఆయన కూడా ఆ చోట బాకాలు పెడదామనుకుని, గుర్తుకోసం ఫజ్‌తో వాయించి ఉంచాడు. అదే ఉండిపోయింది.

ఫజ్ అనేది తరంగాన్ని యాంపు దాకా రానివ్వకుండా ముందే నరికేస్తుంది. దానికదే ఒక అందం, కాదనను. కానీ అప్పట్లోనే మరో రకం పెట్టె ఉండేది, దాని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. డల్లాస్ రేంజ్‌మాస్టర్ అని ఇంగ్లాండులో చేసిన ట్రెబుల్ బూస్టర్. లోపల ఒకే ఒక జర్మేనియం ట్రాన్సిస్టర్. అది చేసే పని పై స్వరాలను బలంగా పెంచి యాంపు మొదటి వాల్వులోకి తోయడం. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలగర్, బ్లాక్ సబ్బత్ టోనీ ఐయోమీ దాన్ని వాడారు. క్వీన్ బృందం బ్రయాన్ మే కూడా ఇదే పద్ధతిలో ట్రెబుల్ బూస్టర్ పెట్టి వాక్స్ ఏసీ30 యాంపులను తోస్తాడు. వీళ్ళ సౌండులో పగిలేది యాంపు. పెడల్ దాని చేత ఆ పని చేయిస్తుంది. పెడల్‌కున్న అన్ని ఉపయోగాల్లోనూ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

1970ల చివర జపాన్ నుంచి వచ్చిన ఓవర్‌డ్రైవ్ పెడల్స్‌ను కూడా ఈ వెలుగులోనే చూడాలి. బాస్ ఓడీ-1 1977లో వచ్చింది. దాని వెంటే ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్, ఆకుపచ్చ రంగు పెట్టె, సుసుము తమురా అనే ఇంజనీరు డిజైన్. అందులో ఒక చిన్న ఐసీ, దాని చుట్టూ తరంగం తలలు నెమ్మదిగా వంచే డయోడ్లు. అసలు రహస్యం ఇంకోటి. సుమారు 720 హెర్ట్జ్ దగ్గర మధ్య స్వరాలు ఉబ్బుతాయి, మంద్రం తగ్గుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే ముక్కుతో పాడినట్టుందని కొందరు దాన్ని పక్కన పడేస్తారు. బ్యాండులోకి వెళ్ళండి. కింద బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉంటాయి, పైన తాళాలు ఉంటాయి. మధ్యలో గిటార్‌కు చోటు కల్పించేది ఆ ఉబ్బే. టెక్సస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ దాన్ని గట్టిగా పెంచిన ఫెండర్ యాంపుల ముందు పెట్టుకున్నాడు. ఫెండర్ యాంపుల్లో సహజంగా మధ్య స్వరాలు లోతుగా పడి ఉంటాయి, ఆ పల్లాన్ని ఈ మెట్ట పూడ్చింది.

ఆ పెడల్ మీద డ్రైవ్, టోన్, లెవెల్ అని మూడు నాబులుంటాయి. కుర్రవాళ్ళు డ్రైవ్ పూర్తిగా తిప్పి, లెవెల్ సగంలో ఉంచుతారు. ఒకసారి తిరగేసి చూడండి. డ్రైవ్ బాగా తగ్గించండి, లెవెల్ బాగా పెంచండి. పెడల్ తను పగలడం మాని యాంపును తోస్తుంది. యాంపు అప్పటికే అంచు మీద ఉంటే ఆ తోపుకు పలికే తీరు మీకే తెలుస్తుంది. విపరీతమైన గెయిన్ ఉన్న యాంపులతో వాయించే మెటల్ గిటారిస్టులు కూడా ముందు ఇదే పెడల్ డ్రైవ్ సున్నాలో పెట్టి వాడతారు. గెయిన్ కోసం కాదు, మంద్రాన్ని బిగించడానికి. పగిలే అంచెలోకి మంద్రం ఎక్కువగా వెళితే అంతా గుమ్మరించినట్టవుతుంది కాబట్టి ముందే కోస్తారు.

యాంపు శుభ్రంగా, తక్కువ వాల్యూమ్‌లో ఉంటే? అప్పుడు పెడల్ ఎంత తోసినా యాంపు పగలదు, కాస్త గట్టిగా వినిపిస్తుందంతే. ట్రాన్సిస్టర్ యాంపైతే తోస్తే సాధారణంగా గరుకుగా తెగుతుంది, అది చాలామందికి నచ్చదు. మన అపార్ట్‌మెంట్లలో చాలామంది పరిస్థితి ఇదే. అక్కడ పగిలే పనంతా పెడల్ మీదే పడుతుంది. అలాంటి ఇంటికి డ్రైవ్ సగం దాకా పెట్టిన ఓవర్‌డ్రైవ్ పెడల్, శుభ్రమైన ఛానల్, అందులో మధ్య స్వరాలు తగ్గించకుండా ఉంచడం మంచిది. ఇప్పుడు వాల్వు యాంపు నడవడికను లెక్కగట్టి చూపే డిజిటల్ యాంపులు చాలా బాగా వచ్చాయి, హెడ్‌ఫోన్‌తో అర్ధరాత్రి వాయించుకోవచ్చు. వాటినీ ఇదే అవగాహనతో వాడండి: అందులోని యాంపును అంచు దాకా తెచ్చి, ముందు పెడల్ తగిలించండి.

వాట్ల గురించి ఒక మాట. వంద వాట్ల యాంపు పది వాట్ల యాంపు కంటే పది రెట్లు గట్టిగా ఉంటుందనుకుంటారు. చెవికి తెలిసేది సుమారు రెండు రెట్లే. మంచి గిటార్ స్పీకర్‌కు ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ వస్తుంది. ఐదు వాట్ల వాల్వు యాంపు పూర్తిగా పెంచితే పక్కింటివాళ్ళు తలుపు తట్టడం ఖాయం. ఇంట్లో పవర్ వాల్వుల పగలడం వినాలంటే ఒక వాట్, అర వాట్ యాంపులు చూడండి. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్రం, పై స్వరాలు రెండూ తక్కువగా వినిపిస్తాయన్నది కూడా మరవొద్దు. రాత్రి మెల్లగా వాయిస్తూ వాటిని పెంచుకుని కుదిర్చిన సౌండు, మర్నాడు కాలేజీ వేదిక మీద గిటార్‌ను మింగేస్తుంది. వేదిక మీద వాయించేంత వాల్యూమ్‌లోనే కుదుర్చుకోవాలి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కయ్యో వస్తూ యాంపు తెస్తున్నారా? అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. యాంపు వెనకాల ఏ వోల్టేజీ రాసి ఉందో చూడకుండా ప్లగ్గు పెట్టొద్దు. 120కే చేసినదైతే దాని వాటేజీకి తగిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

కర్ణాటక సంగీతం గిటార్ మీద వాయించేవాళ్ళు నన్ను అడిగేది వేరు. గెయిన్ మాకు పనికొస్తుందా అని. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించిన తీరు వినండి. సౌండు శుభ్రంగా ఉంటుంది, గమకంలోని ప్రతి ఊగిసలాటా విడిగా తెలుస్తుంది. ఆయనతో రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా రోజుల్లో మార్షల్ యాంపులను పగలగొట్టి వాయించినవాడు. పగిలిన సౌండులో తరంగం తల తెగి ఉంటుంది కనుక స్వరం తగ్గుముఖం పట్టినా చాలాసేపు ఒకే బలంతో వినిపిస్తుంది. తీగ లాగి గమకం సాగదీయడానికి ఆ నిలకడ వరం. కానీ మెల్లగా మీటిందీ గట్టిగా మీటిందీ ఒకేలా వస్తాయి, వేలి బరువులోని తేడా పోతుంది. రాగం వాయించేవాళ్ళకు నేను చెప్పేది: మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కొద్దిగా పగిలేంత గెయిన్ చాలు.

ఆ అంచు పట్టుకోవడం ఇలా. పెడల్స్ అన్నీ తీసెయ్యండి. గిటార్ మీది వాల్యూమ్ నాబ్ పూర్తిగా తెరవండి. యాంపు మాస్టర్ మీ గది భరించేంత పెంచి, గెయిన్ సున్నా నుంచి నెమ్మదిగా తిప్పుతూ గట్టిగా ఒక షడ్జమ పంచమ కార్డ్ మీటండి. కార్డ్ అంచులు గరుకుదేలగానే ఆగండి. ఇప్పుడు గిటార్ వాల్యూమ్ ఆరుకు తగ్గించండి, సౌండు శుభ్రపడాలి. పడకపోతే గెయిన్ ఎక్కువైంది, కొంచెం వెనక్కి తిప్పండి. ఆ తరువాతే పెడల్ తగిలించి, డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టండి. లయ వాయించడానికి గిటార్ వాల్యూమ్ ఆరు, పాట మధ్య ముక్కకు పది, సోలోకు పెడల్. ఛానల్ మార్చకుండా మూడు సౌండ్లు చేతిలోకి వస్తాయి.